గోడ ఉన్న రోజుల్లో బెర్లిన్ మెట్రో ఎలా నడిచేది?

ప్రశ్న: పాత రైలు మ్యాపులంటే నాకు ప్రాణం. బెర్లిన్‌లో తూర్పు, పశ్చిమ భాగాల మధ్య 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసేశారు కదా, మరి పశ్చిమం వాళ్ల యూ6, యూ8 మెట్రో రైళ్లు తూర్పు బెర్లిన్ కింద నుంచి ఎలా వెళ్లాయి?

జవాబు: ఆగకుండా వెళ్లాయండి. రెండు లైన్లూ పశ్చిమంలో మొదలై, మధ్యలో తూర్పు కిందుగా సాగి, మళ్లీ పశ్చిమంలో తేలేవి. తూర్పు స్టేషన్ల మెట్లదారులు మూసేశారు. మసక వెలుతురు ప్లాట్‌ఫారాల మీద తుపాకులతో కాపలా ఉండేది. రైలు నెమ్మదించి దాటిపోయేది. అందుకే జనం వాటిని దెయ్యాల స్టేషన్లు అన్నారు. ఆ సొరంగాలు వాడుకున్నందుకు పశ్చిమం డబ్బు కట్టేది! నన్ను ఎక్కువగా బాధపెట్టేది తూర్పువాళ్ల సంగతి. వాళ్ల కాళ్ల కిందే రైలు, ఎక్కే దారే లేదు.

ప్రశ్న అడిగినవారు: ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషన్‌లో మాత్రం ఆగేదట?

జవాబు: అవును, యూ6లో అదొక్కటే మినహాయింపు. స్టేషన్ తూర్పులోనే ఉన్నా, పశ్చిమం వాళ్లు తనిఖీ లేకుండా అక్కడ దిగి ఎస్-బాన్‌కు (నగర లోకల్ రైలుకు) మారగలిగేవారు. బయట అడుగుపెట్టాలంటేనే వీసా, ప్రశ్నలు, టెన్షన్. 1980 నుంచి రోజుకు 25 పశ్చిమ జర్మనీ మార్కులు తప్పనిసరిగా తూర్పు కరెన్సీలోకి మార్చుకోవాల్సి వచ్చేది కూడా.

మరొకరు: పశ్చిమ బెర్లిన్‌లో ఎస్-బాన్‌ను కూడా 1984 జనవరి దాకా తూర్పు జర్మనీ రైల్వేనే నడిపింది. గోడ కట్టాక పశ్చిమంలో చాలామంది దాన్ని బహిష్కరించారు. మూసిన స్టేషన్లలో యానోవిట్జ్‌బ్రూకె ముందుగా, 1989 నవంబర్ 11న తెరుచుకుంది. నార్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో వీటి మీద ప్రదర్శన ఉంది, తప్పక చూడండి.