ట్యాంకుల పోసే క్లీనర్ సీసాలు, పెట్రోల్ ఖరాబు కాకుండ పోసే మందులు: పైసలు పెట్టొచ్చా?

పాలమూరు బండి:
మా దిక్కు శానా మంది పనికి బొంబాయి, పూణె పోతరు. బండ్లు నెలల తరబడి ఇంటికాడనే ఉంటయి, దసరాకు వచ్చి కిక్కు కొడితే కొట్టుడే, స్టార్ట్ కావు. స్పేర్ పార్ట్స్ షాపాయన ట్యాంకుల ఒక సీసా పొయ్యి, ఇంజిన్ లోపలంతా సాఫ్ అయితది, పెట్రోల్ గూడ ఏడాది దాంక ఖరాబు కాదు అంటుండు. మా మెకానిక్ ఏమో ఒక్క రూపాయి గూడ పెట్టకు అంటుండు. నాకైతే పోస్తే పోయేదేముంది అనిపిస్తుంది. తెలిసినోళ్లు చెప్పున్రి.

జడ్చర్ల షెడ్డు:
మీ మెకానిక్ చెప్పిందే కరెక్ట్ తమ్మీ. నెలలు ఆగిన బండి కార్బొరేటర్ కింది కప్పు ఇప్పి చూడు, అడుగున ఎర్రటి జిగురు, అంచులకు పచ్చగ తెల్లగ పొడి పట్టి ఉంటది, స్లో జెట్‌ను, అంటే పెట్రోల్ పోయే సన్న బొక్క ఉన్న ముక్కను, వెలుతురుకు పెట్టి చూస్తే అవతలికి ఏం కనవడది. పెట్రోల్ పోయే దారే మూసుకపోయినంక ట్యాంకుల పోసిన మందు ఆడిదాంక ఎట్ల పోతది? జెట్ ఇప్పి, స్ప్రే కొట్టి, వైరుల నుంచి ఒక్క సన్న రాగి పోగు గుంజి బొక్కల దూర్చి తీస్తేనే పనైతది. ఇంకా పెద్ద నష్టం ఏందంటే పికప్ లేదని సీసా మీద సీసా పోస్కుంట పోతరు, ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టిందా, వాల్వ్ టైట్ అయ్యిందా అని ఎవ్వరు చూపియ్యరు, రోగం ఒకటి మందు ఒకటి.

నల్లగొండ కెమిస్ట్రీ:
జెట్ మొత్తం మూసుకపోయినంక మందు పనిచెయ్యదు, ఆ మాట వంద శాతం నిజం. కానీ అందుకని అన్ని సీసాలు దండుగ అంటే నేను ఒప్పుకోను. కడిగే మందు వేరు, పెట్రోల్ ఖరాబు కాకుండ ఆపే మందు వేరు, షాపాయన రెండూ ఒకటే సీసాల కలిపి చెప్తుండు.

కడిగే మందులల్ల అసలు సరుకు పాలీఈథర్ అమైన్, లేబుల్ మీద పీఈఏ అని ఉంటది. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ముక్కు మీద, ఇంజిన్‌లకు గాలి వదిలే ఇన్‌టేక్ వాల్వ్ వెనుక పట్టిన మడ్డిని వదిలిస్తది. అమెరికాల 1995 నుంచి బండ్లకు అమ్మే పెట్రోల్‌ల డిటర్జెంట్ కలపాల్సిందే అని రూల్ పెట్టిన్రు, ఆ మోతాదు చాలట్లేదని 2004ల బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి టాప్ టియర్ అని ఇంకా గట్టి స్టాండర్డ్ తెచ్చినయి. 2016ల అక్కడి మోటారిస్టుల సంఘం ట్రిపుల్ ఏ పరీక్ష చేపిస్తే 4,000 మైళ్ల నడకకే, ఆ స్టాండర్డ్ లేని పెట్రోల్‌తోని సగటున 19 రెట్లు ఎక్కువ మడ్డి పట్టింది. ఉత్తదే అయితే గంత తేడా ఎట్ల వస్తదన్నా? పీఈఏ ఉందా లేదా చూసి కొనాలె, ఉత్త కిరోసిన్ జాతి సాల్వెంట్ పోసి రంగు కలిపిన సీసాలకు మాత్రం నేను గూడ పైసలు పెట్టను.

ఒక్కటి, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లున్నోళ్లు జాగ్రత్త. వాటిల పెట్రోల్ సీదా సిలిండర్లకే కొడ్తది, ఇన్‌టేక్ వాల్వ్‌ను తాకనే తాకదు. ట్యాంకుల ఎంత పోసినా వాల్వ్ మీది కార్బన్ పోదు.

జడ్చర్ల షెడ్డు:
టెస్టు సంగతి సరే సార్. కానీ అది రోజూ కొట్టించే పెట్రోల్‌లనే డిటర్జెంట్ కలిసి ఉంటే వచ్చిన తేడా, ఏడాదికి ఒక్కసారి సీసా పోసిన బండి మీద చేసింది కాదు గదా. రెండింటినీ ఒక్క గాటన కట్టొద్దు. ఈ సీసాలు మస్తుగ పోసేటోళ్లకు ఇంకొక మాట, ఆ మందు కొంత రింగుల సందుల నుంచి ఇంజిన్ ఆయిల్‌ల గూడ కలుస్తది. పోసేదుంటే ఆయిల్ మార్పించే ముందు ట్యాంకుకే పొయ్యున్రి, మార్పించినంక కాదు.

సాగర్ ఆయకట్టు:
మీరు పెట్రోల్ కాడనే ఆగిన్రు, మా హార్వెస్టర్ల బాధ వేరే. యాసంగి కోతలు అయినంక మిషన్ మళ్ల వానకాలం పంట కోతలకే బయటికి వస్తది, నడుమల వానలన్నీ షెడ్డులనే. ట్యాంకు సగం ఖాళీగ పెడితే లోపలి గాలి తేమ రాత్రి సల్లవడి నీళ్లైతది, అడుగుకు దిగుతది. ఆ నీళ్లకు డీజిల్‌కు నడుమ సూక్ష్మజీవులు పెరిగి చెరువు పాచి లెక్క నల్లటి జిగట అయితది, సీజన్ల మొదటి మడి కోస్తుంటెనే ఫిల్టర్ జామ్. కామన్ రైల్ మిషన్, అంటే ఒక్క పైపుల గట్టి ప్రెషర్‌తోని డీజిల్ నిలిపి అన్ని ఇంజెక్టర్లకు పంపేది, అయితే ఇంకా కష్టం, ఇంజెక్టర్ల ప్రెషర్ 1,600 బార్ దాంక ఉంటది, నీళ్లు దూరినయంటే ఇంజెక్టర్లు పాయె. జీవులను సంపే బయోసైడ్ మందు దొరుకుతది, పనిచేస్తది గూడ, కానీ సచ్చిన మడ్డంతా మళ్ల ఫిల్టర్‌కే వస్తది, నీళ్లు ట్యాంకులనే ఉంటే మళ్ల పుడ్తయి. ముందు అడుగు బోల్టు ఇప్పి నీళ్లు దించాలె, ట్యాంకు నిండ కొట్టించి పెట్టాలె, అప్పుడు మందు సంగతి. మా దగ్గర కొందరు డీజిల్‌ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు పెట్రోల్‌ల కలిపే ఆయిల్) గూడ పోస్తున్నరు, పంపు అరగదంట. అది మంచిదేనా సార్?

నల్లగొండ కెమిస్ట్రీ:
వద్దన్నా. 2020 ఏప్రిల్ నుంచి మన డీజిల్‌ల సల్ఫర్ 10 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లల్ల 10 పాళ్లకు దించిన్రు, సల్ఫర్ తీసే ప్రాసెస్‌లనే డీజిల్‌కు ఉండే నునుపు తగ్గుతది, ఆ భయం నుంచి వచ్చిందే ఈ టూటీ ఆయిల్ అలవాటు. కానీ నునుపు తగ్గకుండ కంపెనీలే అడిటివ్ కలిపి పంపుతయి, అరుగుదల టెస్టుల మచ్చ 460 మైక్రాన్లు దాటొద్దని బీఎస్6 స్టాండర్డ్‌లనే ఉంది. డీపీఎఫ్, అంటే పొగల మసిని పట్టే ఫిల్టర్, ఉన్న బండిల టూటీ ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌ల పేరుకుంటది, మసి లెక్క కాలిపోదు.

మిర్యాలగూడ:
పెట్రోల్‌ల నీళ్లు తీసే వాటర్ రిమూవర్ సీసాల గురించి ఎవ్వరు చెప్పలే. మనకు ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఆ సీసాలల్ల ఉండేది గూడ ఎక్కువ శాతం ఆల్కహాలే. 10 లీటర్ల ట్యాంకుల 2 లీటర్లు ఆల్కహాల్ ముందుగాలనే ఉంది, ఇంక చారెడు పోస్తే కొత్తగ ఏం ఒరుగుతది? నీళ్లు మితి మీరి కలిస్తే ఇథనాల్ నీళ్లతోని కలిసి కిందికి దిగుతది, పెట్రోల్ పైకి తేలుతది. తేటగ ఉన్న గాజు సీసాల కొంచెం పట్టి కాసేపు కదలకుండ పెట్టున్రి, నడుమ గీత కనవడితే ట్యాంకు మొత్తం దించుడే. ఏ మందు పోసినా అది మళ్ల కలవదు.

దేవరకొండ పత్తి చేను:
నా స్ప్రేయర్ సంగతి చెప్పున్రి. పత్తి సీజన్ అయినంక ఆర్నెల్లు మూలకే ఉంటది.

జడ్చర్ల షెడ్డు:
ట్యాంకు ఖాళీ చేసి, దానంతటదే ఆగిపోయేదాంక నడిపియ్యి. గంతే. మిగిలిన పెట్రోల్ బండిల పోస్కో, టూటీ కలిపింది మాత్రం బండిల పొయ్యకు. ఇంట్ల నీళ్ల బాటిళ్లల్ల పెట్రోల్ దాచుడు అసలే వద్దు, మన ఎండలకు ఆవిరి లోపలే ఉబ్బుతది. చట్టంల లైసెన్సు లేకుండ సొంతానికి 30 లీటర్ల దాంక ఉంచుకోవచ్చని ఉన్నా అది సరైన డబ్బాలల్ల పెట్టేటోళ్లకు.

నల్లగొండ కెమిస్ట్రీ:
స్ప్రేయర్‌కు అన్న చెప్పిందే మంచిది. ఖాళీ చెయ్యలేని బండ్లకే ఆపే మందు అక్కరకొస్తది. దాంట్ల యాంటీఆక్సిడెంట్ ఉంటది, పెట్రోల్ గాలితోని కలిసి జిగురు కాకుండ ఆలస్యం చేస్తది. తాజా పెట్రోల్‌ల పోస్తేనే పని, పాత వాసన మొదలైనంక పోస్తే వెనుకకు రాదు. మూత వదులుగ ఉంటే తేలికగ మండే భాగం ఎగిరిపోతది, దానికి ఏ సీసా లేదు.

పాలమూరు బండి:
నాది ఎఫ్‌ఐ బండి, ఇంజెక్టర్‌తోని పెట్రోల్ కొట్టేది, కార్బొరేటర్ కప్పే లేదు. ఆరు నెలలు పోతున్న. ఏం చెయ్యాలె?

నల్లగొండ కెమిస్ట్రీ:
పోయే రోజు తాజా పెట్రోల్ నిండ కొట్టించు, ఆపే మందు సీసా మీద రాసిన కొలతకే పొయ్యి, పది పదిహేను నిమిషాలు నడుపు, అప్పుడు మందు కలిసిన పెట్రోల్ ఇంజెక్టర్ దాంక చేరుతది. నీడకు పెట్టి బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్యి.

జడ్చర్ల షెడ్డు:
ఎఫ్‌ఐ బండికి అది పొయ్యి తమ్మీ, నేను కాదనను. కానీ కార్బొరేటర్ బండి ఉన్నోళ్లు సీసా కొనేకంటే పెట్రోల్ కాక్ బంద్ చేసి, కప్పు కింది స్క్రూ ఇప్పి ఉన్నదంతా దించున్రి, స్క్రూ డ్రైవర్ ఒక్కటుంటే చాలు. ఇంట్లోళ్లకు చెప్పేదొకటి, వారానికొకసారి నిలబెట్టినకాడనే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి బంద్ చెయ్యొద్దు, ఇంజిన్ వేడెక్కక ఆయిల్‌ల తేమ చేరుతది. తిప్పేదుంటే జడ్చర్ల దాంక వచ్చి పోవాలె, లేకుంటే ముట్టుకోవద్దు.