మెయిన్ గార్డ్ చాలా, ఫైలే విడగొట్టాలా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
కర్నూలు యార్డు ఉల్లి ధరల సీఎస్‌వీ చదివి, క్వింటాలు సగటు కట్టి, మెయిల్ పంపే పైథాన్ ఫైలు ఒకటుంది, పేరు ‘ధరలు’. సగటు ఫంక్షన్ కోసం దాన్ని ఇంకో ఫైల్లో ఇంపోర్ట్ చేస్తే మెయిల్ కూడా పోతాంది. గార్డ్ (ఫైలును నేరుగా నడిపినప్పుడే కింది పని జరిగేలా కాపలా కాసే ఇఫ్ షరతు) పెడితే చాలా, ఫైలే విడగొట్టాలా?

గండికోట (కడప):
గార్డ్ చాలన్నా. ఇంపోర్ట్ చేస్తే ఫైలు పైనుంచి కిందిదాకా మొత్తం నడుస్తుంది, అందుకే మెయిల్ పోయింది. నేరుగా నడిపితే డండర్ నేమ్‌లో (ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లున్న నేమ్ అనే వేరియబుల్, ప్రతి ఫైలుకూ పైథానే పెడుతుంది) ‘డండర్ మెయిన్’ అని ఉంటుంది, ఇంపోర్ట్ చేస్తే ‘ధరలు’ అని ఉంటుంది. షరతు ఈ తేడా మీదే. అయితే ఆ ఇఫ్ కింద పనంతా కుమ్మరించొద్దు. అక్కడ పుట్టిన వేరియబుల్స్ గ్లోబల్ అవుతాయి. సగటు ఫంక్షన్ వాటిలో ఒకదాన్ని వాడుకుందంటే, నేరుగా నడిపినప్పుడు బాగుంటుంది, ఇంపోర్ట్ చేసి పిలిస్తే ఆ పేరే లేదని నేమ్ ఎర్రర్. పనంతా మెయిన్ అనే ఫంక్షన్‌లో పెట్టి, ఇఫ్ కింద ఒకే లైను రాయండి: మెయిన్ ఇచ్చే విలువను సిస్ డాట్ ఎగ్జిట్‌కు అందించడం. 0 అయితే పని అయినట్టు, 1 అయితే చెడినట్టు షెల్‌కు (కమాండ్లు నడిపే ప్రోగ్రాముకు) తెలుస్తుంది.

లేపాక్షి_బసవన్న (అనంతపురం):
నేను ఒప్పుకోను. మెయిల్ కోడ్ వేరే ఫైల్లో ఉండి, అది తిరిగి ‘ధరలు’ను ఇంపోర్ట్ చేసిందనుకోండి. ఒకే ఫైలు మెమరీలో రెండుసార్లు లోడవుతుంది, డండర్ మెయిన్ పేరుతో ఒకసారి, ‘ధరలు’ పేరుతో ఇంకోసారి. అందులోని క్లాసులూ రెండేసి అవుతాయి. ఒకదాని ఆబ్జెక్టును రెండోదానితో పోల్చితే ఐజ్‌ఇన్‌స్టెన్స్ (ఆబ్జెక్టు ఆ క్లాసుదేనా అని చూసే ఫంక్షన్) ఫాల్స్ అంటుంది. కోడెంత వెతికినా తప్పు కనపడదు, చానా సతాయించే రోగం ఇది. గార్డ్ దీన్ని ఆపలేదు. లెక్కలు ఒక ఫైల్లో, నడిపేది ఇంకో ఫైల్లో ఉండాల్సిందే.

గండికోట (కడప):
ఆ రోగం నిజమే. కానీ విడగొట్టినంత మాత్రాన గార్డ్ పీకేయొద్దు. మల్టీప్రాసెసింగ్ (పనిని పలు ప్రాసెస్‌లకు పంచే పైథాన్ మాడ్యూల్) వాడితే విండోస్‌లోనూ, పైథాన్ 3.8 నుంచి మ్యాక్‌లోనూ ప్రతి కొత్త ప్రాసెస్ ఆ నడిపే ఫైలునే మళ్లీ లోడ్ చేస్తుంది. గార్డ్ లేకుంటే అదీ ప్రాసెస్‌లు పుట్టించబోయి రన్‌టైమ్ ఎర్రర్‌తో పడిపోతుంది. లినక్స్‌లో ఫోర్క్ (నడుస్తున్న ప్రాసెస్‌కే నకలు తీసే పద్ధతి) వల్ల ఇన్నాళ్లూ గడిచింది. 3.14లో అక్కడా డిఫాల్ట్ ఫోర్క్‌సర్వర్ అయింది, అదీ ఫైలును మళ్లీ లోడ్ చేసేదే.

లేపాక్షి_బసవన్న (అనంతపురం):
నడిపే ఫైల్లో గార్డ్ ఉండాలన్న మాట వరకు సరే. ఇంకొకటి: పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే సాధనం) కమాండుగా ఇన్‌స్టాల్ చేస్తే, ఆ కమాండు ఫైలును ఇంపోర్ట్ చేసి మెయిన్‌ను ఉత్త చేతులతో, అంటే ఏ విలువా ఇవ్వకుండా, పిలుస్తుంది, ఇఫ్ లోపలికి పోనే పోదు. కమాండుతో ఇచ్చే ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్‌ను ఇఫ్ కింద రాసినోళ్లకు ఆప్షన్లు పనిచేయవు. దాన్ని మెయిన్ లోపలే పెట్టండి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
అయితే సగటు ఫంక్షన్ వేరే ఫైల్లోకి పోతాంది. మెయిల్, ఆర్గ్‌పార్స్ మెయిన్‌లో, కింద గార్డ్.