అందరి స్క్రీన్ మీదా ఒకే వాతావరణం కనిపించాలంటే ఏం చేశారు?

డిస్పాచ్‌డెస్క్:
నేను డిస్పాచర్‌ని, అంటే విమానం బయల్దేరే ముందు నేల మీద నుంచి ఇంధనం, దారి లెక్కలు చూసేవాణ్ని. మొన్న నేనూ విమానం కెప్టెనూ పది నిమిషాలు ఫోన్‌లో వాదించుకున్నాం. నా స్క్రీన్‌లో విజిబిలిటీ 3000 మీటర్లు, ఆయన టాబ్లెట్‌లో 800. తీరా చూస్తే రెండూ నిజమైన రిపోర్టులే. నాది 0230కి వచ్చిన మెటార్ (విమానాశ్రయం క్రమం తప్పకుండా ఇచ్చే వాతావరణ రిపోర్టు), ఆయనది 0241కి వచ్చిన స్పెసి (వాతావరణం బాగా మారితే మధ్యలో ఇచ్చే ప్రత్యేక రిపోర్టు). మా సిస్టమ్ అరగంటకోసారే డేటా తెచ్చుకుంటుంది, మధ్యలో వచ్చే స్పెసి దానికి పట్టదు. అదనపు ఇంధనం ఎంత వేయాలో తేల్చుకునే సమయంలో ఇలాగైతే ఎంత టెన్షనో మీకు తెలుసు. అందరూ ఒకేచోటి నుంచి డేటా తీసుకునేలా కట్టినవాళ్లు ఉంటే చెప్పండి.

పార్సర్‌పని:
మేం కట్టాం. రిపోర్టు రాగానే అందరికీ వెళ్లిపోయేలా మార్చాం, దాంతో మీ సమస్య తీరుతుంది. ఇంకో తప్పు కూడా దిద్దుకున్నాం. మొదట్లో స్క్రీన్ రిఫ్రెష్ అయిన టైమే చూపించేవాళ్లం, గంట కిందటి గాలి కూడా తాజాగా కనిపించేది. ఇప్పుడు పరిశీలన టైమే పెద్ద అక్షరాల్లో, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఉంటుంది.

అసలు భయపెట్టింది వేరే. మెటార్‌లో గాలిని నాట్లలో (కేటీ) రాస్తారు. 00000కేటీ అంటే గాలి లేదని. /////కేటీ అంటే కొలత అందలేదని. మా పార్సర్ (రిపోర్టును చదివి విడదీసే ప్రోగ్రామ్) ఆ గీతలన్నిటినీ సున్నాలు చేసేసింది! సెన్సార్ పనిచేయని చోట గాలి నిశ్చలంగా ఉందని చూపించాం. టెస్టింగ్‌లో ఒక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ గారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

టవర్‌డ్యూటీ:
అందుకే ఐడబ్ల్యూఎక్స్‌ఎక్స్‌ఎం (ఇవే వాతావరణ రిపోర్టులను కంప్యూటర్లు సులువుగా చదివేలా రాసే పద్ధతి) వాడండి. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) 2020 నవంబరు నుంచి దేశాల మధ్య మార్పిడికి పాత రూపంతో పాటు ఈ ఎక్స్‌ఎంఎల్ (ప్రతి విలువకూ పేరు తగిలించి రాసే) రూపాన్ని కూడా ప్రమాణం చేసింది. కొలత లేకపోతే ఎందుకు లేదో కూడా అందులోనే రాయొచ్చు.

మబ్బులలెక్క:
డేటా ఒకటైనా నిర్ణయాలు ఒకటి కావండీ. టాఫ్‌లో (విమానాశ్రయానికి ఇచ్చే వాతావరణ అంచనాలో) ప్రాబ్40, అంటే 40 శాతం అవకాశం, అని ఉరుములు రాశారనుకోండి. డిస్పాచర్ ఇంధనం పెంచుతారు, ల్యాండింగుల సంఖ్య చూసేవాళ్లేమో తగ్గించకుండా వేచి చూస్తారు. అప్పుడు విమానాలన్నీ గాల్లోనే చక్కర్లు కొట్టాలి. ఏ హెచ్చరికకు ఎవరు ఏం చేయాలో ముందే కూర్చుని రాసుకున్నాకే మా దగ్గర కుదురుకుంది.

డిస్పాచ్‌డెస్క్:
ఇప్పుడే మా టెస్ట్ సర్వర్‌లో /////కేటీ పంపి చూశాను. మాదీ సున్నానే చూపిస్తోంది. పార్సర్‌పని గారూ, మీ టెస్ట్ కేసులు ఇక్కడ పెట్టగలరా?