తల్లి మొక్కుకుంటే కొడుకు తన ఆశ చంపుకోవాల్సిందేనా?

టంగుటూరు మేనమామ:
అందరికీ వందనాలు. మా చెల్లెలి కొడుకు సంగతి ఇది. నెలల బిడ్డగా ఉన్నప్పుడు వాడికి నిమోనియా వచ్చింది, మేమంతా ఆశ వదిలేసుకున్నాం. ‘వీణ్ణి బతికిస్తే నీ సేవకే ఇస్తాను ప్రభువా’ అని మా చెల్లెలు మొక్కుకుంది. వాడిప్పుడు సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఇరిగేషన్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పోస్టు కోసం చదువుతుండాడు. సంఘ పెద్దలేమో బైబిలు కాలేజీలో చేర్చండి, ఉద్యోగం లోకాశ అంటున్నారు. వాడు ఎవరికీ ఎదురు చెప్పడు. కానీ అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలుకుతుంటాడు. ఏం చెయ్యమంటారు?

సీయోను బాట:
ప్రైజ్ ది లార్డ్ అన్నా. ఇందులో చర్చేముంది? మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలని బైబిల్లో ప్రసంగి 5లో ఉంది. నేనూ టీచరు ఉద్యోగం వచ్చాక వదిలేసి సేవలోకి వచ్చినవాణ్ణే. కనిగిరి వైపు ఊళ్లలో తిరిగాను, ఇంట్లో బియ్యం లేని రోజులూ చూశాను. ఆ రోజున ఏడ్చాను గానీ ఆ తర్వాత ఎన్నడూ బాధపడలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే ‘నా యిష్టము కాదు నీ చిత్తమే’ అన్నాడు. మన పిల్లోడి ఏఈ పోస్టు అంతకన్నా గొప్పదా?

కావలి టీచరమ్మ:
తమ్ముడూ, నీ సాక్ష్యం మీద నాకు గౌరవమే. కానీ గెత్సేమనేలో ఆ మాట అన్నదెవరు? యేసు. అప్పగించుకున్నది తన ఇష్టాన్ని. ఆయన తరఫున పేతురో, మరియమ్మో అప్పగించలేదు. నువ్వు ఉద్యోగం వదిలావు, అది నీ ఉద్యోగం. ఈ పిల్లోడి విషయంలో పెద్దవాళ్లంతా కలిసి అతని ఆశను కానుక పెట్టెలో వేస్తున్నారు.

మొక్కు సంగతికొస్తే లేవీయకాండం 27 ఒకసారి తీయండి. మనుషుల్ని దేవునికి మొక్కుకున్నప్పుడు వాళ్లకి వెల కట్టి చెల్లించే పద్ధతి అక్కడుంది. ఇరవై నుంచి అరవై ఏళ్ల మగవాడికి 50 తులాల వెండి (బైబిల్లో తులమంటే షెకెలు, మన తులం కాదు). కట్టలేని పేదవాడైతే యాజకుడు అతని తాహతును బట్టి తగ్గిస్తాడు. అంటే తొందరలో, దుఃఖంలో మనుషులు ఇలా మొక్కుకుంటారని ధర్మశాస్త్రానికి ముందే తెలుసు.

సీయోను బాట:
బిడ్డ కోసం మొక్కుకున్న హన్నా వెండి కట్టలేదు కదమ్మా, పుట్టిన సమూయేలునే మందిరానికి ఇచ్చింది.

కావలి టీచరమ్మ:
ఇచ్చింది. అయినా సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయంలో దేవుడు ఆ పిల్లోణ్ణి పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. మందిరంలోనే పడుకుని కూడా అతనికి అప్పటికింకా యెహోవాను తెలియదని రాసి ఉంది. తల్లి ఇవ్వడం ఒకటి, పిలుపు రావడం ఇంకొకటి. ఈ అబ్బాయిని పిలిచినట్టు ఎవరైనా విన్నారా, అతను విన్నాడా? అది అడగండి ముందు.

గుండ్లకమ్మ:
ఒంగోలు వాళ్లం, మన చరిత్రే మనకి పట్టదు. క్లౌ దొర ఇక్కడికి మిషనరీగా రాకముందు అమెరికాలో సర్వేయరు పని చేశాడు. 1876–78 ధాత కరువులో జనం చచ్చిపోతుంటే ఆయన ప్రార్థన ఒక్కటే పెట్టుకుని కూర్చోలేదు. మన తీరం వెంట పోయే బకింగ్‌హామ్ కాలువలో సుమారు 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి ఇప్పించాడు. గొలుసు పట్టి నేల కొలిచిన చెయ్యి కాబట్టే ఆ పని చేయించగలిగాడు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. కాలువ తవ్వించడం లోకాశా, సేవా? ఇరిగేషన్ ఏఈ చేసేది కూడా కాలువ పనే కదయ్యా.

ఇంకో మాట. ఆ రోజు నీళ్లలో దిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకి చదువుకోవాలనే ఆశే ఊరికి తప్పుగా కనపడేది. మిషన్ బడిలో పలక పట్టుకోవడమే విశ్వాసం అనిపించుకుంది. ఇప్పుడు వాళ్ల మునిమనవళ్లు పరీక్ష రాస్తామంటే మనమే ‘ఆశ వద్దు’ అంటున్నాం. 1950 నాటి రాష్ట్రపతి ఎస్సీ ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన ఎస్సీలకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద 1 శాతమే. ఆ కాస్త సందులోంచి దూరి ఇంతదాకా వచ్చిన పిల్లోడికి వదులుకోమని చెప్పడం ఎవరికైనా సుళువే.

సీయోను బాట:
క్లౌ దొర కథ నా వైపే మాట్లాడుతుంది. సర్వే వదిలాకే కదా ఓడ ఎక్కింది! వదిలినదాన్ని దేవుడు మళ్లీ వాడుకున్నాడు. వదలకపోతే ఆ కాలువ కాంట్రాక్టు ఎక్కడిది? ఇంకోటి, మొహమాటం లేకుండా చెప్తా: ఏఈ పోస్టంటే జీతం ఒక్కటే కాదు, బిల్లుల మీద పర్సంటేజీ, పెళ్లిలో కట్నం రేటు. పిల్లోడు దేన్ని చూసి చదువుతున్నాడో మీకు తెలుసా? ‘నీ నిమిత్తము గొప్పవాటిని వెదకవద్దు’ అని యిర్మీయా 45లో ప్రవక్త దగ్గర రాతపని చేసే బారూకుకు దేవుడు చెప్పింది ఇందుకే.

గుండ్లకమ్మ:
ఓడ ఎక్కడం ఆయన నిర్ణయం. నేననేదీ అదే.

కావలి టీచరమ్మ:
పర్సంటేజీ మాట నిజం, ఆ ప్రశ్న అతన్ని అడగాల్సిందే. అలాగే బైబిలు కాలేజీలో చేరేవాళ్లనీ అడగాలి. పెద్ద మందిరం, కారు, యూట్యూబ్ ఛానల్, స్టేజీ మీద శాలువా... ఇవి కూడా ఆశలే. సేవ అని పేరు పెట్టేసరికి ఎవరూ వాటిని అప్పగించమని అడగరు.

ఉలవపాడు మామిడి:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. బైబిలు కాలేజీకి పంపమంటున్న ఆ పెద్దల పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో కాస్త చెప్తారా మామా?

టంగుటూరు మేనమామ:
ఒకరు బెంగుళూరు, ఒకరు ఆస్ట్రేలియా. ఇంతకుమించి అడగబాకండి.

లేవీయకాండం మా చెల్లెలికి చదివి వినిపించాను. ‘50 తులాలంటే ఇప్పుడెంత అన్నా?’ అని ఒకటే అడిగింది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఒప్పుకుందని చెప్పలేను. రాత్రి మాత్రం వాడితో ‘ఆ మాట దేవుడికిచ్చింది నేను, నువ్వు కాదు’ అందంట. వాడు పరీక్ష రాస్తానన్నాడు. పిలుపు సంగతి తనకి తానే చెప్తాడంట, అప్పటిదాకా ఎవరూ అడగొద్దన్నాడు. ఆదివారం పెద్దలకి ఈ విషయం ఎట్టా చెప్పాలి?

సీయోను బాట:
నా మాట నేను మార్చుకోను అన్నా. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ మాత్రం ఎత్తొద్దు. శనివారం సాయంత్రం పాస్టరు అయ్యగారింటికి పోండి, చెల్లెమ్మని కూడా తీసుకెళ్లండి. పిల్లోణ్ణి తీసుకెళ్లొద్దు.