పాత వంట నూనెతో బయోడీజిల్ చేసి కారులో పోయొచ్చా?

భీమవరం_మెస్:

అందరికీ నమస్కారం. మాకు భీమవరంలో చిన్న మెస్ ఉంది, సాయంత్రం బజ్జీలు, పునుగులు కూడా వేస్తాం. పామాయిల్ బాగానే ఖర్చవుతుంది. రెండో రోజుకి నూనె నల్లబడి నురుగు కడుతుంది, అది మళ్ళీ మూకుట్లో పోయడం మా అమ్మకి అస్సలు ఇష్టం ఉండదు, నాకూ ఉండదు. ఇన్నాళ్ళూ ఒకాయన రాత్రిపూట వచ్చి టిన్నుల్లో పట్టుకెళ్ళేవాడు, కిలోకి ఇంత అని డబ్బులిచ్చేవాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నావయ్యా అంటే తిన్నగా చెప్పేవాడు కాదు. తర్వాత తెలిసింది, వడకట్టి కొత్త నూనెలో కలిపి తోపుడు బండ్ల వాళ్ళకే తక్కువ రేటుకి అమ్ముతున్నాడట. వెంటనే ఇవ్వడం మానేశాం. ఇప్పుడు వెనక షెడ్డులో టిన్నులు పేరుకుపోయాయి.

నా దగ్గర 2006 మోడల్ ఇండికా డీజిల్ ఉంది, టర్బో లేని పాత ఇంజన్, ఆర్‌సీ రెన్యూవల్ కూడా అయింది. ఈ నూనెతో బయోడీజిల్ చేసి అందులో పోస్తే నడుస్తుందా? ఇంట్లో చేయగలిగే పనేనా? వీడియోల్లో చూస్తే పది నిమిషాల్లో అయిపోయినట్టు చూపిస్తున్నారు, అందుకే నమ్మకం కుదరట్లేదు. నిజంగా చేసినవాళ్ళుంటే చెప్పండి.

ఆటోనగర్_పంపు_మేస్త్రి:

తమ్ముడూ, ముందు ఒక్క మాట. నూనె వడకట్టి నేరుగా ట్యాంకులో పోసే ఆలోచన ఉంటే మానుకో. కొంతమంది కిరోసిన్ కలిపి పోస్తారు, అదీ వద్దు. 40 డిగ్రీల వేడి దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది, వంట నూనెది 30 దాటుతుంది. అంత చిక్కటి నూనెని నాజిల్ సన్నటి తుంపరగా కొట్టలేదు, ధారగా పడుతుంది, సగం కాలుతుంది, సగం కాలదు. కాలనిది నాజిల్ మూతి దగ్గర బొగ్గు కడుతుంది, రింగులు పట్టేస్తాయి, మిగతాది కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలిసి జిగురైపోతుంది. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లోనే వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజన్ తిప్పారు కదా అని నా దగ్గరికి వచ్చేవాళ్ళు వాదిస్తుంటారు. తిప్పిన మాట నిజమే, కానీ ఎగ్జిబిషన్‌లో తిప్పి చూపించడం వేరు, రోజూ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆపుతూ నడుపుతూ వాడటం వేరు.

సరిగ్గా చేసిన బయోడీజిల్ అయితే నీ ఇండికాకి ఇబ్బంది లేదు. మెకానికల్ పంపు, పాత తరహా ఇంజన్, కొంచెం అటూ ఇటూ ఉన్నా ఓర్చుకుంటుంది. అయితే మూడు విషయాలు చూసుకోవాలి. బయోడీజిల్ పోయగానే ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డినంతా కడిగేసి ఫిల్టర్‌కి తెస్తుంది, బండి గుక్కపట్టి ఆగిపోతుంటే ఇంజన్ పోయిందని కంగారు పడకు, ఫిల్టర్ మార్చు. మొదట్లో ఒక ఫిల్టర్ డిక్కీలో పెట్టుకోవడం మంచిది. రెండోది రబ్బరు. పాత బళ్ళలో పైపులు, రిటర్న్ లైన్లు, పంపు సీళ్ళు మామూలు రబ్బరువి ఉంటాయి, నూటికి నూరు పాళ్ళు బయోడీజిల్ పోస్తే మెత్తబడి ఉబ్బి చెమర్చడం మొదలెడతాయి. బయోడీజిల్‌కి తట్టుకునే విటాన్ అనే రబ్బరువి అడిగి వేయించుకో. లేదా డీజిల్‌లో 20 శాతం వరకే కలుపుకో, అప్పుడు ఈ గొడవ చాలావరకు ఉండదు. మూడోది మైలేజీ, కొంచెం తగ్గుతుంది, లీటరుకి శక్తి డీజిల్ కంటే 8 శాతం దాకా తక్కువ. కానీ పంపుకి మాత్రం మేలే, జారుడు గుణం డీజిల్ కంటే ఎక్కువ కాబట్టి అరుగుదల తగ్గుతుంది.

బీఎస్6 (కొత్త కాలుష్య నియమాలకి తగ్గట్టు చేసిన) బళ్ళున్నవాళ్ళు ఇది చదివి ప్రయోగాలు చేయకండి దయచేసి. వాటిల్లో పొగ ఫిల్టర్ ఉంటుంది, అందులో మసి కాల్చడానికి చాలా బళ్ళు ఇంధనాన్ని ఆలస్యంగా సిలిండర్లోకి కొడతాయి. డీజిల్ అయితే ఆవిరై పోతుంది, బయోడీజిల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్‌ని పల్చబరుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతోందంటే సంతోషపడాల్సిన విషయం కాదు. ఆ బళ్ళలో ఉండే కామన్ రైల్ ఇంజెక్టర్ల (ఎక్కువ ఒత్తిడితో ఇంధనం కొట్టేవి) ఖరీదు మీకు తెలిసిందే.

ఒహాయో_తెలుగు:

నేను ఇక్కడ గరాజ్‌లో చాలా కాలంగా చేస్తున్నాను, మా ఊళ్ళో రెండు రెస్టారెంట్ల వాళ్ళు పాత నూనె ఇస్తారు. వీడియోలు చూసి పది నిమిషాల పని అనుకోవద్దు, రెండు మూడు రోజుల పని అది, అందులో ఎక్కువ భాగం ఆగి చూడటమే.

సంగతి ఇది. నూనె అణువులో మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిజరిన్‌కి అతుక్కుని ఉంటాయి. మిథనాల్, కాస్టిక్ సోడా కలిపితే ఆ మూడూ గ్లిజరిన్‌ని వదిలి మిథనాల్‌ని పట్టుకుంటాయి, అదే బయోడీజిల్. 100 లీటర్ల నూనెకి 20 నుంచి 22 లీటర్ల మిథనాల్ పడుతుంది, సుమారు 100 లీటర్ల బయోడీజిల్ వస్తుంది, అడుగున నల్లగా గ్లిజరిన్ దిగుతుంది.

పాత నూనెతో అసలు చిక్కు ఎక్కడంటే, వేయించి వేయించి అందులో కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఉంటాయి, నీళ్ళు కూడా ఉంటాయి. ఈ రెండూ కాస్టిక్ సోడాతో కలిస్తే అయ్యేది సబ్బు. కాబట్టి ముందు నీళ్ళు పోగొట్టాలి. కొంచెం నూనె గిన్నెలో కాచి చూడండి, చిటపటలాడిందంటే నీళ్ళున్నట్టే. తర్వాత టైట్రేషన్, అంటే విడిపోయిన ఆమ్లం ఎంతుందో కొలవడం, ఇది మానేసి ఎవరూ మంచి బయోడీజిల్ చేయలేరు. 1 మిల్లీలీటరు నూనెని 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, లీటరు నీళ్ళలో 1 గ్రాము కాస్టిక్ సోడా కరిగించిన ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తూ పోవాలి. రంగు మారడం చూడటానికి ఫినాఫ్తలీన్ వాడతారు, దొరక్కపోతే మన పసుపు కూడా పనిచేస్తుంది, సున్నం తగిలిన పసుపు ఎర్రబడుతుంది చూడండి, ఇక్కడా అంతే. ఆ ఎరుపు నిలిచే దాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరు నూనెకి అన్ని గ్రాముల కాస్టిక్ సోడా ఎక్కువ వేయాలి. అంటే తాజా నూనెకి లీటరుకి 3.5 గ్రాములు పడితే, మీ నూనెకి 3 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి, 6.5 గ్రాములు. 5, 6 మిల్లీలీటర్లు దాటిందంటే ఆ నూనె ఈ పద్ధతికి పనికిరాదు, ముందు ఆసిడ్‌తో ఇంకో దశ చేయాలి, అది ఇంట్లో పెట్టుకునే పని కాదని నా అభిప్రాయం. మెస్‌లో రెండు రోజులు కాగిన పామాయిల్ ఆ గీత దగ్గర్లోనే ఉండొచ్చు, కొలిస్తేగాని తెలియదు.

నూనెని 55 డిగ్రీల దగ్గర ఉంచి, విడిగా కలిపిన మిథనాల్, కాస్టిక్ మిశ్రమాన్ని పోసి గంటకి పైగా తిప్పాలి. 60 దాటనివ్వకూడదు, 64.7 దగ్గర మిథనాల్ మరిగిపోతుంది. రాత్రంతా వదిలేసి అడుగున గ్లిజరిన్ తీసేసి, పైదాన్ని మంచినీళ్ళతో సన్నటి జల్లుగా కడగాలి, నీళ్ళు తేటగా వచ్చే దాకా. గట్టిగా కుదిపితే మజ్జిగలా తెల్లగా కలిసిపోయి ఇక విడిపోదు. తర్వాత నీళ్ళన్నీ పోయేలా ఆరబెట్టాలి. ఆఖర్న ఒక పరీక్ష: 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి కలపండి. అంతా కరిగి తేటగా ఉంటే సరే. అడుగున నూనె బొట్టు నిలిచిందంటే చర్య పూర్తి కాలేదు, అది కారుకి పోయకండి.

మరో విషయం, నేను ఎక్కువగా కనోలా నూనె వాడతాను కాబట్టి చలికాలం కొంత నెట్టుకొస్తాను. పామాయిల్‌తో చేసినది 13, 15 డిగ్రీల దగ్గరే తెల్లగా మబ్బు కట్టడం మొదలెడుతుంది. భీమవరంలో పర్లేదుగానీ డిసెంబర్‌లో ఆ కారేసుకుని అరకు వెళ్తే తెల్లారి స్టార్ట్ అవుతుందని నేను చెప్పలేను.

భీమవరం_మెస్:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ చాలా థాంక్స్. పంపు మేస్త్రి గారూ, పైపులు మార్పించడం పెద్ద విషయం కాదు. ఒహాయో అన్నా, మిథనాల్ ఎక్కడ కొంటారు? ఇక్కడ కెమికల్ షాపులో అడిగితే నా మొహంకేసి అదోలా చూశాడు.

కెమిస్ట్రీ_మాస్టారు:

చూస్తాడు మరి. అమెరికాలో రేసు కార్ల ఇంధనంగా డ్రమ్ముల్లో అమ్ముతారు, ఇక్కడ మిథనాల్ విషాల కింద లెక్క, లైసెన్సులూ రిజిస్టర్లూ ఉంటాయి. కల్తీ సారా చావుల్లో ఎక్కువ శాతం మిథనాల్ వల్లే, కాబట్టి ఆ కట్టడి ఉండాల్సిందే. 10 మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు. తాగితేనే అనుకోకండి, ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా ఒంట్లోకి వెళ్తుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. అన్నిటికంటే నాకు భయం వేసేది దాని మంట. పగటి వెలుతురులో మిథనాల్ మంట దాదాపు కనిపించదు, అంటుకుందని తెలిసేది చెయ్యి కాలాకే. గది వేడికే ఆవిరై నిప్పందుకునే పదార్థం అది. నాలుగు గ్యాస్ పొయ్యిలు వెలిగే మెస్ వెనక షెడ్డులో 20 లీటర్ల క్యాన్ పెట్టి, అందులో కాస్టిక్ సోడా కలుపుతానంటే నేను ఒప్పుకోను బాబూ. పనివాళ్ళు తిరుగుతుంటారు, పిల్లలు వస్తుంటారు.

గ్లిజరిన్‌తో సబ్బు చేసుకోవచ్చని కూడా వీడియోల్లో చెప్తున్నారు. ఆ గ్లిజరిన్‌లో మిథనాల్ మిగిలి ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయకుండా చేతికి రుద్దుకునే వస్తువు చేయకూడదు. కడిగిన నీళ్ళు కాలువలో పోయడమూ తప్పే, మీ చుట్టూ ఉన్నవి చేపల చెరువులు.

ఆసిఫాబాద్_రైతుబిడ్డ:

పాత నూనె సంగతి సరే, కానుగ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? మా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘం వాళ్ళు కానుగ మొక్కలు పెంచి, గింజలు గానుగ ఆడించారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే ఎంత కార్బన్ తగ్గుతుందో లెక్కగట్టి 2003లో 147 టన్నులకి ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు ఇచ్చింది. డబ్బు పెద్దది కాదు, కానీ అడవి అంచున ఉండే ఆడవాళ్ళు గింజలేరి సాధించిన పని అది, నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అదే సమయంలో ప్రభుత్వాలు జట్రోఫా జట్రోఫా (నూనె గింజలు కాసే ఒక మొక్క) అని ఊదరగొట్టాయి, బీడు భూముల్లో నీళ్ళు లేకుండా పెరుగుతుంది, డీజిల్ కాస్తుంది అన్నారు. పెరిగింది, కానీ కాయ లేదు. నీళ్ళు, ఎరువు లేకుండా ఏ చెట్టు గింజ నింపుతుంది చెప్పండి. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలుపుతామన్న లక్ష్యం అలాగే పోయింది. ఇప్పుడు 2018 పాలసీలో 2030కి 5 శాతం అంటున్నారు. పెట్రోల్‌లో ఇథనాల్ 2025కే 20 శాతానికి చేరితే, డీజిల్‌లో బయోడీజిల్ 1 శాతం దగ్గరికి కూడా రాలేదు. కారణం నూనె లేకపోవడమే. తినే నూనె సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో తాజా నూనెని ఇంజన్లో పోస్తామంటే కుదరదు. అందుకే నా మట్టుకు వాడేసిన నూనె, గట్ల మీద కానుగ, ఈ రెండే న్యాయమైన దారులు. కానుగ చేదు, ఎవరూ తినరు, పశువు కూడా ముట్టదు, పిండి పొలానికి ఎరువు. నాలుగైదేళ్ళు ఓపిక పట్టాలి అంతే.

కోదాడ_లారీ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. హైవే మీద బయోడీజిల్ అని బోర్డు పెట్టి లీటరుకి బాగా తగ్గించి అమ్ముతున్నారు కదా, అది పోయించొచ్చా? మా వాళ్ళు ఒక చోట పోయిస్తే నాజిళ్ళు పోయాయి.

ఆటోనగర్_పంపు_మేస్త్రి:

అన్నా, దాన్ని చేతి మీద వేసి వాసన చూడు. నిజమైన బయోడీజిల్ కొంచెం వంట నూనె వాసన వేస్తుంది, జిడ్డుగా ఉంటుంది, వెంటనే ఆరిపోదు. థిన్నర్ లాంటి ఘాటు వాసన వచ్చి చల్లగా తగిలి ఆరిపోయిందంటే అది ఏదో ఇండస్ట్రీ సాల్వెంటు, దానికి జారుడు గుణం ఉండదు, పంపు లోపల గీతలు పడతాయి. అలాంటివి బల్ల మీద విప్పి చూపించడానికి నా దగ్గర పంపులు వరసగా ఉన్నాయి. బయోడీజిల్ అమ్మడానికి కేంద్ర ప్రభుత్వం 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, సరుకు ఐఎస్ 15607 ప్రమాణానికి సరిపోవాలి. ఆ రెండు కాగితాలూ చూపించమను. తటపటాయించాడా, బండి ముందుకి పోనీ.

భీమవరం_మెస్:

మాస్టారు గారు చెప్పింది చదివాక అమ్మకి కూడా చూపించాను. షెడ్డులో మిథనాల్ మాట ఇక లేదు. మరి ఈ నూనె ఏం చేయాలి? దాన్ని మళ్ళీ తిండిలోకి మాత్రం పోనివ్వను, అది ఖాయం.

ఫుడ్_సేఫ్టీ_చదువుతున్నా:

దీనికి దారుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళది రూకో అని 2018లో మొదలుపెట్టిన కార్యక్రమం, వాడిన నూనెని సేకరించి బయోడీజిల్ ఫ్యాక్టరీలకి చేర్చడం దాని పని. మీకు దగ్గర్లోనే కాకినాడలో పెద్ద బయోడీజిల్ ప్లాంటు ఉంది కూడా. నూనెలో పోలార్ పదార్థాలు (కాగి కాగి నూనె చెడితే పుట్టేవి) 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన. రోజుకి 50 లీటర్లు దాటి నూనె వాడేవాళ్ళు ఎంత వాడారు, ఎంత పారేశారు, ఎవరికి ఇచ్చారు అని రిజిస్టర్ రాయాలి. మీరు అంత వాడకపోయినా రాసిపెట్టుకోండి, ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఉపయోగపడుతుంది.

నూనె తీసుకోవడానికి వచ్చినవాడిని, రూకో కింద నమోదైన ఏజెన్సీయా కాదా అని అడగండి, ఆ జాబితా ఎఫ్ఎస్ఎస్ఏఐ సైట్లో చూసుకోవచ్చు. తూకం వేసి ఎన్ని కిలోలు, ఏ తేదీ అని రసీదు ఇవ్వాలి. పాత టిన్నులు బ్రాండు పేరు కనిపించేలా ఇవ్వకండి, వాటిలోనే మళ్ళీ నింపి అమ్ముతారు. టిన్నుకి మేకుతో చిల్లి పెట్టి తుక్కుకి వేయండి, నూనె వాళ్ళు తెచ్చిన డ్రమ్ములోకే వంచండి. ఇచ్చే ముందు అడుగున పిండి మడ్డి లేకుండా వడకట్టి, నీళ్ళు తగలకుండా మూత పెట్టి ఉంచితే రేటు కూడా బాగా ఇస్తారు.