అప్‌డేట్: ఎస్‌విజీ తోరణం ఫేడింగ్ సమస్య తీరింది

పోయిన వారం అడిగింది నేనే. మా చెల్లె పెండ్లి కార్డు కోసం వరంగల్ కోట కీర్తి తోరణాన్ని ఎస్‌విజీ (బొమ్మను కోడ్‌గా రాసే ఫార్మాట్) కోడ్‌తో గీస్తున్న. పారదర్శకత పెట్టగానే స్తంభం, దూలం కలిసేచోట ముదురు మచ్చలు వచ్చినయి. కిందికి ఫేడ్ చేస్తే నిలువు గీతలు మొత్తమే మాయమైనయి. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మచ్చలకు మందు గ్రూప్ ఒపాసిటీ, అంటే ఆకారాలన్నింటికీ కలిపి ఒకేసారి పారదర్శకత ఇవ్వడం. నేను ఒక్కో ఆకారానికి విడిగా ఫిల్-ఒపాసిటీ (లోపలి రంగు పారదర్శకత) 0.5 ఇచ్చిన, అందుకే ఒకదాని మీద ఒకటి పడ్డచోట రంగు ముదిరింది. అన్నింటినీ ఒక జీ ట్యాగ్‌లో (ఆకారాలను గ్రూప్ చేసేది) పెట్టి, దానికే ఒపాసిటీ 0.5 ఇస్తే మొత్తం బొమ్మ ఒకే వస్తువులా పలచబడింది.

గీతల సంగతే నన్ను మూడు రాత్రులు తిప్పలు పెట్టింది. ఫేడ్ కోసం బొమ్మ మీద మాస్క్ (ఎక్కడెంత కనిపించాలో చెప్పే పొర) వేసిన, మాస్క్‌లో తెల్లగా ఉన్నంత మేర కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట కనిపించదు. అది సరిగ్గానే పెట్టిన. కానీ మాస్క్, గ్రేడియంట్ (రంగు మెల్లగా మారే పూత) కొలతలు మామూలుగా బౌండింగ్ బాక్స్‌ను, అంటే ఆకారం చుట్టూ పట్టే చతురస్రాకారపు హద్దును బట్టి ఉంటాయి. సూటి నిలువు గీత బాక్స్ వెడల్పు సున్నా! స్ట్రోక్ (గీసిన గీత) మందం అందులో లెక్కకు రాదు. అందుకే మాస్క్‌కు చోటే లేక గీత మాయమైంది. మాస్క్‌ను గీతలకు తీసేసి, వెడల్పున్న గ్రూప్‌కు ఇచ్చిన, పని అయిపోయింది. ఒక్క గీతకే ఫేడ్ కావాలంటే మాస్క్‌యూనిట్స్, గ్రేడియంట్‌యూనిట్స్ రెండింటినీ యూజర్‌స్పేస్‌ఆన్‌యూజ్‌గా మార్చి, బొమ్మ కొలతల్లోనే అంకెలు ఇస్తే సరిపోతుంది.

బ్రౌజర్ మార్చడం, రంగులు మార్చడం వల్ల ఏ తేడా రాలేదు. కార్డు నిన్న ప్రింటుకు ఇచ్చిన.