కొలంబస్ (ఇండియానా), బెంటన్‌విల్ (ఆర్కన్సా): ఆ గంట తేడా ఎంత ముఖ్యం?

ప్రశ్న

నమస్కారం. నాకు ఒకేసారి రెండు ఉద్యోగాలు వచ్చాయి: ఒకటి ఇండియానాలోని కొలంబస్‌లో, మరొకటి ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో. 2020 జనాభా లెక్కల్లో రెండు ఊళ్లూ 50 వేలు దాటినవే, జీతాలూ ఇంచుమించు సమానమే. మా అమ్మానాన్నలు రాజమండ్రిలో రాత్రి 9 గంటలకే పడుకుంటారు, నాతో పనిచేయవలసిన బృందంలో సగం మంది హైదరాబాదులో ఉంటారు. కొలంబస్ పాటించే ఈస్టర్న్ టైమ్, బెంటన్‌విల్ పాటించే సెంట్రల్ టైమ్‌ల మధ్య ఉన్న ఆ ఒక్క గంటను అంతగా పట్టించుకోవాలా? ఊళ్ల తీరు ఎలా ఉంటుందో కూడా అక్కడివారు దయచేసి చెప్పగలరు.

కొలంబస్ నుంచి

ముందు లెక్క చూద్దాం. చలికాలంలో మన దేశానికీ మాకూ పదిన్నర గంటల తేడా, బెంటన్‌విల్‌కైతే పదకొండున్నర; మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా రెండింటికీ ఒక్కో గంట తగ్గుతుంది. కాబట్టి జనవరిలో ఉదయం 8 గంటలకు ఇక్కడి నుంచి ఫోన్ చేస్తే రాజమండ్రిలో సాయంత్రం 6:30, అక్కడి నుంచి చేస్తే 7:30 అవుతుంది. మీ అమ్మానాన్నలకు ఏ ఊరైనా ఫరవాలేదు. ఆ గంట హైదరాబాదులో రాత్రి భోజనానికి ఆలస్యమయ్యే మీ సహోద్యోగులకే బరువు.

నన్నడిగితే గడియారాన్ని కాదు, సూర్యుణ్ణి చూసి ఊరు ఎంచుకోవాలి. ఈస్టర్న్ టైమ్‌ను 75 డిగ్రీల పశ్చిమ రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు, మేమేమో 86వ డిగ్రీకి దగ్గరగా ఉన్నాం. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మా సూర్యుడు గడియారం కంటే దాదాపు 44 నిమిషాలు వెనకబడి వస్తాడు. జనవరి మొదట్లో ఉదయం 8 దాటితే గానీ తెల్లవారదు. స్కూలు బస్సు కోసం చీకట్లో నిలబడ్డ పిల్లల్లో, ఏదైనా కారు లైటు పడి సంచి మీది పట్టీ మెరిసినప్పుడు మాత్రమే, మావాడు ఎవరో నాకు తెలుస్తుంది. జూన్ చివర్లో రాత్రి 9:15 దాకా వెలుతురే కనుక పడకగది కిటికీలకు దళసరి పరదాలు కట్టుకున్నాం.

ఊరు నెమ్మదైనది, కొంచెం బిగువైనది. 1919లో మొదలైన కమిన్స్ ఇంజిన్ల కంపెనీ చుట్టూ పెరిగింది. ఆ సంస్థను నడిపిన ఇర్విన్ మిల్లర్ చొరవతో, పేరున్న వాస్తుశిల్పి బడి లాంటి ప్రజా భవనం కడితే అతని రుసుమును కంపెనీ ఫౌండేషన్ చెల్లించే పద్ధతి వచ్చింది. అందుకే మా గ్రంథాలయాన్ని ఐ.ఎం. పెయ్, ఒక అగ్నిమాపక కేంద్రాన్ని రాబర్ట్ వెంచురి రూపొందించారు. ఇంత చిన్న ఊళ్లో శిల్పి హెన్రీ మూర్ రూపొందించిన పెద్ద కమాను కింద నుంచి నడిచి వెళ్లి పుస్తకాలు తెచ్చుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

బెంటన్‌విల్ నుంచి

పైవారి లెక్క సరైనదే. మేం 94వ డిగ్రీ దగ్గర ఉన్నాం, సెంట్రల్ టైమ్‌కు ఆధారం 90వ డిగ్రీ. అందువల్ల మాకు సూర్యుడు 17 నిమిషాలే ఆలస్యం. జనవరిలో 7:30 ప్రాంతంలో తెల్లవారుతుంది, జూన్‌లో 8:40 లోపే పొద్దుగూకుతుంది. అంటే రెండు ఊళ్ల గడియారాలకు తేడా గంట, సూర్యుడికి తేడా 33 నిమిషాలే.

ఇక్కడ నెమ్మది అన్న మాటే లేదు. 1950లో వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ కొట్టు తెరిచిన కూడలి పక్కనే ఇప్పుడు ఎటు చూసినా కొత్త కట్టడాలు, వాల్‌మార్ట్‌కు సరుకు అమ్మడానికి వచ్చిన కంపెనీల కార్యాలయాలు. 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ చిత్రశాలకు ప్రవేశ రుసుము లేదు, దాని చుట్టూ ఉన్న అడవి దారుల్లో బురద కొట్టుకున్న సైకిళ్లు తిరుగుతూనే ఉంటాయి. అద్దెలు పెరుగుతున్నాయని మాత్రం ముందే చెప్పాలి. మనవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, ఉద్యోగం మారగానే ఊరు కూడా మారిపోతారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా పాపకు ఆరేళ్లు కాబట్టి ఆ చీకటి బస్సు సంగతే నన్ను బెంటన్‌విల్ వైపు లాగుతోంది. మా అమ్మగారు మాత్రం ఎక్కడున్నా మంగళవారం 3 నుంచి 4:30 వరకు ఏ పనీ మొదలుపెట్టవద్దంటున్నారు!

కొలంబస్ నుంచి

అది ఉదయం 6కు పొద్దుపొడిచి, సాయంత్రం 6కు అస్తమించే రోజుకు వేసిన లెక్కండీ. పగటిని ఎనిమిది భాగాలు చేసి, మంగళవారం ఏడో భాగాన్ని రాహుకాలంగా తీసుకోవాలి. జూన్ చివర్లో మా ఊళ్లో అది సాయంత్రం 5:30కు మొదలై దాదాపు 7:20 దాకా సాగుతుంది, మీరు ఆఫీసు నుంచి ఇంటికి బయలుదేరే వేళకు సరిగ్గా సరిపోతుంది.